రెండో మాట

ఐసు పెట్టె కాడ జరిగిన గొడవ.
తెల్లారి నాలుగున్నరకి, జెట్టీ మీద,
కోనాం కుప్ప ఎవరి పాటకి పడిందో
ఇప్పటికీ నాకు సరిగ్గా గుర్తు లేదు.
సుత్తి గుర్తుంది.
మంచుగడ్డ పగలగొట్టే సుత్తి, కర్రకి సైకిలు ట్యూబు సుట్టింది.
మైలపల్లి సింహాద్రమ్మ సేతిలో ఉన్నాది,
ఆ మీదట నా సెవి పైన ఉన్నాది.

కేజీహెచ్‌లో తొమ్మిది కుట్లు.
ఎవరు, దేంతో అని కుర్ర డాక్టరు అడిగినాడు.
సెప్పినాను.
దారం లాగుతున్నప్పుడు అబద్దం ఎక్కడ దొరుకుతాది?

అది రెండేళ్ళ కింద మాట.
ఈలోగా ఏట బందు రెండు సార్లు వచ్చి ఎల్లినాది.
ఆ రోజుల్లో అదీ నానూ ఒక్క గంపలోనే ఎండు నెత్తళ్ళు ఏసుకొని
పూర్ణా మార్కెట్ దాకా మోసినాం.
ఎప్పుడు కలిసిపోనామో అడక్కండి.
ఒకనాడు నా నెత్తి మీద గంప అది దించినాది. అంతే.

కేసు తీసీసుకుంటానని కోర్టుకి ఎల్లినాను.
సర్కారు వకీలమ్మ కాయితాలు తిరగేసి
"ఇది నీ కేసు కాదమ్మా" అన్నాది.
దెబ్బ నాదే కదా అన్నాను.
"దెబ్బ నీది. కేసు రాష్ట్రానిది."
అట్ట మీద ఏలు పెట్టి సూపించినాది.
ఒక పక్క రాష్ట్రం, ఇంకో పక్క సింహాద్రమ్మ.
నా పేరు లోపలెక్కడో సాక్షుల్లో,
ఒకటో నంబరు.

రాష్ట్రం ఎవరో నాకు తెలీదు.
ఏ పొద్దూ జెట్టీ మీద సూడలేదు.
ఆయాల నెత్తురు కారితే దాని సీర తడవలేదు.

"వట్టి చేత్తో కొట్టుంటే
లోక్ అదాలత్‌లో సంతకాలు పెట్టి ఇద్దరూ ఇంటికెళ్ళేవారు.
సుత్తి ఉంది కదా, ఇక్కడ రాజీ కుదరదు.
కావాలంటే హైకోర్టుకి వెళ్ళాలి."
ఎంత దూరం అని అడిగినాను.
రైలు చార్జీ, వకీలు ఫీజు కలిపి సెప్పినాది.
ఒక ఏట సీజనంత దూరం.

వరండాలో సింహాద్రమ్మ తరపు వకీలు
గొంతు తగ్గించి దగ్గర దారి సెప్పినాడు.
పాచి మీద జారి పడ్డాననెయ్.
ఎవరు కొట్టారో చూళ్ళేదనెయ్.
అంటే, కొట్టినాది గానీ ఒగ్గేసినాను అనడానికి దారి లేదు,
కొట్టనే లేదనడానికి ఉన్నాది.

మళ్ళీ వకీలమ్మ కాడికే ఎల్లినాను.
నాకు లేని కోపం మీకెందుకమ్మా?
ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుసుకున్నాది.
"తీసేయమని రోజూ వస్తారు.
పన్ను ఊడినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, అందరూ ఇష్టపడే వచ్చామంటారు.
చాలామందికి గుమ్మం బయట ఎవరో ఒకరు నిలబడి ఉంటారు."

తిరిగి సూసినాను.
సింహాద్రమ్మ పెద్దకొడుకు ఎల్లాజీ.
నన్ను బండి మీద తీసుకొచ్చినోడు,
పొద్దున్న ఇడ్లీ పెట్టించినోడు.
వాడి సేతిలో నా గొడుగు.
అప్పటిదాకా ఆ గొడుగు గురించి నాకేటీ అనిపించలేదు.

గనగళ్ళ పోలమ్మా అని మూడు సార్లు పిలిసినారు.
బోనెక్కినాను.
కొట్టినాది, సుత్తితోనే.
ఇప్పుడు ఒక్క కాడే కూకుంటన్నాం, నాకు దాని మీద కోపం లేదు.
రెండూ రాసుకోండి బాబూ.
టైపు కొట్టే పిల్ల మొదటి మాటకి టకటకలాడించినాది.
రెండో మాట కాడ ఏళ్ళు ఆపి
జడ్జీ గారి మొకం సూసినాది.
ఆయన గోడ మీద గడియారం సూసినారు.
తరవాత ఏదో కొట్టినాది.
ఏటి కొట్టినాదో, నాకు సదువు రాదు.

బయటికొస్తే బండి లేదు, గొడుగూ లేదు.
జగదాంబ దాకా నడిసినాను.
కుట్ల కాడ ఎంటిక మొలవని సోట
ఎండ సురుక్కుమన్నాది.

సుత్తి కోర్టు బీరువాలో ఉన్నాది, సీటీ కట్టి.
రెండేళ్ళుగా మేమిద్దరం ఒక్క నల్లరాయితోనే ఐసు కొడతన్నాం.
రాత్రుళ్ళు అది దానింటికి పట్టుకెల్తాది.

మర్నాడు నాలుగింటికి జెట్టీకి ఎల్లేసరికి
సింహాద్రమ్మ రాలేదు.
రాయి నా పెట్టె మీద ఉన్నాది, తడితడిగా.
ఎవరు పెట్టినారో,
పెట్టి నాకేటి సెప్పినారో,
సీకట్లో కాసేపు దాన్నే సూసినాను.
ఆ మీదట దాంతోనే ఐసు కొట్టినాను.